రెండో గొంతు

"తలుపు తియ్యవే పిచ్చుకా! డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చి, పలకరిస్తే పలక్కుండా బాత్రూంలో దూరి గడియ పెట్టుకుంటే నేనేమనుకోవాలి?"

అత్తగారు అరచేత్తో తలుపు బాదుతోంది. లోపల కుళాయి పూర్తిగా తిప్పేసి ఉంది. నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. ఏడుపు బయటికి వినబడకూడదనే తిప్పిందని తెలియనంత అమాయకులు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

సరిగ్గా అప్పుడే పెద్ద సిస్టర్ వాకిట్లో చెప్పులు విడిచింది. వార్డులో సంగతి తెలిసి, షిఫ్టు అప్పగింతలు కాగానే ఆదరాబాదరాగా వచ్చింది. వచ్చిందే గాని గడప దాటడానికి కాలు రాలేదు.

"వచ్చావా? చూడు నీ ఆడపడుచు వరస," అంది అత్తగారు. "ఒకే వార్డులో చేస్తారుగా ఇద్దరూ. ఏమైందో నువ్వైనా చెప్పు."

ఏమైందో పెద్ద సిస్టర్‌కి తెలుసు. ఆమెకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అసలు బాధ అదే.

"కాసేపు వదిలెయ్యండి అత్తయ్యా. తనే వస్తుంది," అని మాత్రం అంది.

ఆసుపత్రిలో ఈ వదినా ఆడపడుచులను రోగులు పెద్ద సిస్టర్, చిన్న సిస్టర్ అని పిలుస్తారు. వదినకి అక్కడ పదిహేనేళ్ళ సర్వీసు. చిన్నామె మొన్న మొన్న చేరింది, ఇంకా పర్మనెంట్ కాలేదు. ఇంట్లో మాత్రం చిన్న సిస్టర్‌ని అందరూ పిచ్చుకనే అంటారు. నిద్ర లేచింది మొదలు నోరు మూతపడని పిల్ల కదా, వాళ్ళ నాన్న ఏనాడో పెట్టిన ముద్దుపేరు అలాగే ఉండిపోయింది. ఆ నోరు ఇవాళ మూతపడింది. ఇల్లు ఇల్లులా లేదు.

కుళాయి ఆగింది. గడియ తీసిన చప్పుడైంది. పిచ్చుక ఇంకా తెల్ల యూనిఫాంలోనే ఉంది. ముఖం మీద నీళ్ళు తుడుచుకోనైనా లేదు.

"నన్ను వార్డులోంచి తీసేశారమ్మా," అంది. "బట్టల గదిలో కూర్చుని దుప్పట్లు మడతపెట్టమన్నారు. రేపు పొద్దున సూపరింటెండెంట్ మేడమ్ ముందు నిలబడాలట. పర్మనెంట్ జాబితాలో నా పేరు ఉంచాలో కొట్టెయ్యాలో అప్పుడు తేలుస్తారట."

"అయ్యో నా తల్లీ! ఏం చేశావే?"

పిచ్చుక వదిన వంక చూసింది. తిట్టినా బాగుండేది. ఊరికే చూసింది.

"వదిననడుగు," అని గదిలోకి వెళ్ళిపోయింది.

అత్తగారు మెల్లగా ఇటు తిరిగింది. ఆవిడ అలా మెల్లగా తిరిగిందంటే, రాబోయేది మామూలు గాలివాన కాదని కోడలికి ఇన్నేళ్ళ కాపురంలో అర్థమైంది.

"చెప్పు."

"నర్సింగులో పీజీ సీటుకి ఇంటర్వ్యూకి వెళ్ళాను కదా అత్తయ్యా. అక్కడ అడిగారు. మీ వార్డులో జరగబోయి ఆగిపోయిన పొరపాటు ఏదైనా చెప్పమన్నారు. చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు."

"ఊఁ."

"కాలేజీ ప్రిన్సిపాల్ గారికి అది నచ్చింది. మా సూపరింటెండెంట్‌కి ఫోన్ చేసి మెచ్చుకున్నారట. జూనియర్ చేతిలో తప్పు మందు ఎక్కబోతుంటే మీ పెద్ద సిస్టర్ ఆపిందట గదా అని. ఆ సంగతి ఇక్కడ ఎవరూ రిపోర్టు చెయ్యలేదు. ఎవరా జూనియర్ అని ఆరా తీశారు. మా వార్డులో జూనియర్ పిచ్చుక ఒక్కతే."

చూశారా, ఎంత పొందిగ్గా చెప్పిందో! అందులో ఒక్క మాట అబద్ధం లేదు. వేలు పెట్టి చూపించడానికి ఎక్కడా సందు లేదు. అత్తగారికి మాత్రం అందులో కనబడాల్సింది కనబడలేదు, వేరేది కనబడింది.

"అంటే నా కూతురు పొరపాటు చేస్తే, కడుపులో పెట్టుకోవాల్సిన దానివి, నీ సీటు కోసం పదిమందిలో చెప్పొచ్చావా?"

"అత్తయ్యా..."

"నోరు ముయ్యి. చంటిపిల్లప్పుడు దాన్ని నీ ఒళ్ళో పెట్టి పెంచలేదేమో గాని, చదువు చెప్పించింది నువ్వు. యూనిఫాం కుట్టించింది నువ్వు. తీసుకెళ్ళి నీ పక్కనే ఉద్యోగంలో నిలబెట్టింది నువ్వు. నిలబెట్టింది ఇలా తోసెయ్యడానికా? చాడీలు చెప్పి సీటు తెచ్చుకునే ఖర్మ నీకెందుకు పట్టిందే?"

పెద్ద సిస్టర్ తల వంచుకుని నిలబడింది. మామూలుగా అయితే అత్తగారి మాటకి మాట అప్పజెప్పే మనిషే. ఇవాళ ఒక్కో తిట్టూ పడుతుంటే లోపల ఏదో కాస్త తేలికైనట్టు ఉంది. చాడీలు చెప్పిన మనిషి అనిపించుకోవడం నయమే. తిట్లన్నీ తినేస్తే ఇక్కడితో లెక్క తీరిపోతుందేమోనని ఒక పాడు ఆశ.

ఎందుకంటే ఆ రోజు తప్పు మందు తీసింది పిచ్చుక కాదు. పెద్ద సిస్టరే.

*

వాళ్ళ వార్డులో ఒక పద్ధతి ఉంది. నరంలోకి ఎక్కించే ఏ మందైనా సిరంజిలోకి తీసే ముందు ఒకరు సీసా మీది పేరు పైకి చదవాలి. ఇంకొకరు ఆ సీసాని తన చేతిలోకి తీసుకుని, తన కళ్ళతో చూసి, మళ్ళీ పైకి చదవాలి. దాన్నే వార్డులో రెండో గొంతు అంటారు. రెండో గొంతు పలకందే సూది గుచ్చకూడదు.

ఈ ఇద్దరికీ అది ఇంటి అలవాటైపోయింది. అలవాటైపోవడమే కొంప ముంచింది. వదిన చదివాక ఇక చూసేదేముంది అని పిచ్చుక అవతలి మంచం దగ్గర నుంచే "ఆఁ వదినా" అనేసేది. పిచ్చుక ఆఁ అంటుందిలే అని వదిన కూడా సీసా వంక చూడకుండానే పేరు చదివేసేది. వేరేవాళ్ళతో డ్యూటీ పడితే ఇద్దరూ పద్ధతిగానే ఉండేవారు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకపోయి ఉంటే ఆ రోజు అలా జరిగేది కాదు.

కిటికీ పక్క మంచం మీద ఒక ముసలి దర్జీ ఉన్నాడు. ఆయన చేతికున్న గొట్టంలో కాస్త సెలైన్ పంపి శుభ్రం చెయ్యాలి. పెద్ద సిస్టర్ ట్రేలోంచి సీసా తీసి "సెలైన్" అంది. "ఆఁ వదినా" అంది పిచ్చుక అటు నుంచి. అన్నాక ఆ పిల్లకి ఏం తోచిందో ఏమో, చేతిలో పని వదిలేసి వచ్చి తొంగి చూసింది. చూసి వదిన మణికట్టు పట్టేసుకుంది. అది సెలైన్ కాదు, పొటాషియం. నీళ్ళు కలపకుండా నేరుగా నరంలోకి పోతే గుండె ఆగిపోతుంది. దర్జీ ఆ వేళ పిచ్చుకతో ఏదో పరాచికమాడుతూనే ఉన్నాడు, తనకేం తప్పిందో తెలియకుండా.

"ఏం కాలేదుగా వదినా, వదిలెయ్," అంది పిచ్చుక సామాన్ల గదిలోకి లాక్కెళ్ళి, వదిన కళ్ళు తుడిచి. ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి మాత్రం ఇద్దరూ సీసాని చేత్తో పట్టి చూడందే నోరు విప్పలేదు.

ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న పడగానే పెద్ద సిస్టర్‌కి గుర్తొచ్చింది ఇదే. నిజమే చెబుదామని నోరు తెరిచింది. ఎదురుగా ప్రిన్సిపాల్, అటూ ఇటూ ఇద్దరు ప్రొఫెసర్లు. "నా చేతిలో" అనడానికి నాలుక తిరగలేదు. "ఒక సిస్టర్ చేతిలో," అని మొదలుపెట్టింది. చివర్లో నాది అని చెప్పేద్దాం అనుకుంది. "పక్కనున్న సిస్టర్ వచ్చి చెయ్యి పట్టుకుని ఆపింది," అనే దాకా వచ్చేసరికి ప్రిన్సిపాల్ ముఖం విప్పారింది.

"మీ జూనియర్‌ని ఆపిన సిస్టర్ మీరేనా?" అని అడిగింది.

పెద్ద సిస్టర్ తల ఊపింది.

అంతే. చేసిన ఘనకార్యం అంతే. కావాలని ఎవరి కొంపా కూల్చడానికి వెళ్ళలేదు. అప్పటికి రెండుసార్లు సీటు రాక వెనక్కి వచ్చింది. ఈసారీ రాకపోతే వయసు దాటిపోతుంది. తనకంటే చిన్నవాళ్ళు చదువుకొచ్చి తన మీద అధికారం చెలాయిస్తుంటే చూసి చూసి ఒళ్ళు మండిపోయి ఉంది. ఇవన్నీ కారణాలే. కారణాలకేం, ఎన్నయినా దొరుకుతాయి.

*

సాయంత్రం లిఫ్టు మెకానిక్ ఇంటికొచ్చాడు. పెద్ద సిస్టర్ భర్త, పిచ్చుకకి అన్నయ్య. పనిముట్ల సంచీ మూలన పడేసి, చేతుల గ్రీజు కడుక్కుంటూ విషయమంతా తల్లి నోట విన్నాడు.

"అదేంటమ్మా, పేరు చెప్పలేదంటోందిగా పాపం," అన్నాడు పెళ్ళాం వంక చూసి. "వాళ్ళు కూపీ లాగితే తనేం చేస్తుంది?"

"నువ్వు వెనకేసుకురాకు."

"వెనకేసుకురావడం కాదమ్మా. మా ఆవిడ లెక్చరరవుతుందని నేను వీధి వీధంతా చెప్పుకు తిరిగాను. ఇప్పుడు చెల్లెలు ఉద్యోగం పోయిందని చెప్పుకోవాలంటే నాకు మాత్రం ఎలా ఉంటుంది? మధ్యలో ఇరుక్కుపోయిన లిఫ్టులా ఉంది నా బతుకు. పైకీ పోదు, కిందికీ రాదు."

ఎవరూ నవ్వలేదు. పాపం, నవ్వుతారనుకున్నాడు.

అత్తగారి మందుల వేళైంది. పెద్ద సిస్టర్ మాత్రల డబ్బా తెచ్చింది. ఇంట్లో కూడా వాళ్ళకి అదే పద్ధతి. వదిన పేరు చదివితే పిచ్చుక తీసుకుని చూసి మళ్ళీ చదువుతుంది. మొదట్లో అత్తగారు వేళాకోళం చేసేది గాని, ఇప్పుడు ఇద్దరూ చదవందే ఆవిడా మాత్ర మింగదు.

"బీపీ మాత్ర," అంది పెద్ద సిస్టర్. అని, అట్ట పిచ్చుక వైపు చాపింది.

పిచ్చుక గోడ వైపు తిరిగి కూర్చుంది. ఉలకలేదు, పలకలేదు.

అత్తగారు అరచెయ్యి చాచి ఉంది. పెద్ద సిస్టర్ చెయ్యి కూడా చాచే ఉంది. పక్కింట్లో ఎవరో కుర్చీ లాగిన చప్పుడు వినబడింది.

"ఏదీ, నేను చదువుతానుండు," అని లిఫ్టు మెకానిక్ అట్ట లాక్కున్నాడు. కళ్ళు చికిలించి తయారైన తేదీ చదివాడు. గడువు తేదీ చదివాడు. చల్లని చోట ఉంచవలెను అని చదివాడు. మందు పేరు తప్ప అన్నీ చదివాడు.

"చాల్లే నీ చదువు," అని అత్తగారు మాత్ర లాక్కుని నోట్లో వేసుకుంది. నీళ్ళు తాగి, గ్లాసు ఠంగున కింద పెట్టింది. "ఈ ఇంట్లో ఇంకెవరి మాటా ఎవరూ నమ్మక్కర్లేదులే."

పెద్ద సిస్టర్‌కి చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట అన్నావిడకి తెలియదు, అది ఎంత సూటిగా తగిలిందో.

*

డాబా మీద తీగకి ఆరేసిన యూనిఫాంలు ఇంకా అలాగే ఉన్నాయి. చీకటి పడకముందే పిచ్చుక పైకెళ్ళింది. పెద్ద సిస్టర్ కాసేపు మెట్ల దగ్గర తచ్చాడి తనూ ఎక్కింది.

ఇద్దరి యూనిఫాంలూ ఒకే తీగ మీద ఉన్నాయి. పిచ్చుక తనవి మాత్రమే తీస్తోంది.

"పిచ్చుకా."

"ఒక్కటడుగుతాను. ఉన్నది ఉన్నట్టు చెప్తావా?"

"అడుగు."

"ఆపింది నేనే అని నోటితో అన్నావా?"

"లేదు. ఆపింది మీరేనా అని వాళ్ళే అడిగారు. తల ఊపాను."

"తల ఊపావు." పిచ్చుక తీగ వదిలేసి వదిన ముందుకొచ్చి నిలబడింది. "ఎలా ఊపావు? ఇలానా?" అని చిన్నగా, చాలా మర్యాదగా తల కిందికీ పైకీ ఆడించింది. "లేకపోతే ఇలానా?"

"చంపకే."

"నేనా చంపేది?"

పెద్ద సిస్టర్ పిట్టగోడ పట్టుకుంది. నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. "చెప్పేద్దామనే అనుకున్నానే. నీ మీద ఒట్టు. నోరు పెగల్లేదు. ఆవిడ ముఖం చూస్తే, అంత మెచ్చుకోలుగా ఎవరూ నన్ను చూడలేదు ఎప్పుడూ. మీ అన్నయ్య చూస్తే వీధంతా..."

"అన్నయ్య మీద పెట్టకు."

"సరే. పెట్టను."

"అమ్మ నిన్ను చాడీల మనిషని తిడుతుంటే నేను గదిలోంచి వింటూనే ఉన్నాను. ఎంత బుద్ధిగా నిలబడ్డావు వదినా! ఒక్క మాట తిరిగి అనలేదు. చిన్న తప్పుకి తిట్లు తినేస్తే పెద్ద తప్పు మాఫీ అయిపోతుందనుకున్నావా?"

తన కడుపులోది ఈ పిల్ల ఇలా చదివేస్తుందని ఎన్నడూ అనుకోలేదు. పక్కన నిలబెట్టి పని నేర్పింది తనే. మనిషి ముఖం చూసి నొప్పి ఎక్కడుందో పట్టుకోవడం నేర్పింది కూడా తనే.

"నువ్వెందుకు చెప్పలేదే మేడమ్‌కి? నేను కాదు, మా వదిన అని ఒక్క మాట అంటే పోయేదిగా."

"నేనెందుకంటాను? ఆ రోజు సామాన్ల గదిలో ఎవరికీ చెప్పనని నీకు మాటిచ్చాను. నువ్వు మాట తప్పావని నేనూ తప్పాలా?" పిచ్చుక మళ్ళీ తీగ దగ్గరికెళ్ళి ఇంకో యూనిఫాం లాగింది. "అయినా నువ్వే వచ్చి చెప్తావనుకున్నాను. బట్టల గదిలో కూర్చుని తలుపు వంకే చూశాను. ప్రతి అడుగుల చప్పుడూ నీదే అనుకున్నాను."

ఇంక పెద్ద సిస్టర్ ఏడుపు ఆపుకోలేకపోయింది. "రేపు చెప్తాను. మేడమ్ ముందు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. సీటు పోతే పోనీ."

"రేపెందుకు? కింద అమ్మ ఉంది, అన్నయ్య ఉన్నాడు. ఇప్పుడే పద."

పెద్ద సిస్టర్ మెట్ల వైపు చూసింది. కింద టీవీ చప్పుడు, అత్తగారి దగ్గు, భర్త ఎవరితోనో ఫోన్లో మాటలు. ఒక్కసారి వాళ్ళ ముఖాలు ఊహించుకుంది.

"ముందు అక్కడ చెప్పనీ. చెప్పి వచ్చాక ఇంట్లో చెప్తాను. ఒక్క పూటే కదా."

పిచ్చుక తన యూనిఫాంలు చేతి మీద వేసుకుని మెట్లు దిగింది. వదినవి తీగ మీదే ఉండిపోయాయి.

*

పొద్దున సూపరింటెండెంట్ గది బయట బల్ల మీద ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు. దారిన పోయే ఆయాలు, వార్డు బాయ్‌లు చూసీ చూడనట్టు పోతున్నారు. మామూలుగా "చిన్న సిస్టరూ, టీ తాగొద్దాం రా" అని గొడవ చేసే ఎక్స్‌రే గది అబ్బాయి కూడా ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

పెద్ద సిస్టర్ సంచీలో ఫోను మోగింది. కాలేజీ నుంచి సందేశం. ఆమె పీజీకి ఎంపికైంది. చేరే రోజు త్వరలో తెలియజేస్తారు.

ఎన్నేళ్ళ కల అది! ఇంకో రోజయితే ఎగిరి గంతేసేది. ఇవాళ దొంగసొత్తులా ఫోను చప్పున సంచీలో కుక్కేసి పిచ్చుక చూసిందేమోనని ఓరగా చూసింది. పిచ్చుక గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మల్ని శ్రద్ధగా చూస్తోంది. చూసే ఉంటుంది.

లోపలికి పిలిచారు.

సూపరింటెండెంట్ మేడమ్ కటువైన మనిషే గాని చెడ్డది కాదు. పెద్ద సిస్టర్‌ని చూడగానే నవ్వింది. "కంగ్రాట్స్. మీ ప్రిన్సిపాల్ ఇప్పుడే చెప్పింది. మన ఆసుపత్రికి పేరు తెచ్చావు." తర్వాత పిచ్చుక వైపు తిరిగింది, నవ్వు పోయింది. "ఇక నీ సంగతి."

"మేడమ్," అంది పెద్ద సిస్టర్. "ఆ రోజు తప్పు మందు తీసింది నేను. వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది ఈ పిల్ల. ఇంటర్వ్యూలో నేను తిరగేసి చెప్పాను."

అనేసింది. అనగలిగింది! గుండెల మీద బండ దిగినట్టయింది.

సూపరింటెండెంట్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కోపం రాలేదు. జాలిగా తల ఆడించింది.

"ఈ మాట నువ్వంటావని నాకు పొద్దున్నే తెలుసు."

"మేడమ్?"

"మీ అత్తగారు ఫోన్ చేసింది. ఒకటే ఏడుపు. మా కోడలి చేత చెప్పిస్తానండీ, తప్పు తనదేనని ఒప్పుకుంటుందండీ, నా కూతురి ఉద్యోగం మాత్రం తియ్యకండీ అని. ఆవిడ చెప్పమన్నట్టే చెప్పావు."

పెద్ద సిస్టర్‌కి అప్పుడు తట్టింది. అత్తగారు పొద్దున్నే వీధి చివరికెళ్ళి వచ్చింది. ఎందుకో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నిన్న సాయంత్రం డాబా దిగి ఉన్న మాట చెప్పి ఉంటే ఆవిడ ఈ పని చేసేది కాదు. ఒక్క పూటే కదా అనుకుంది. ఆ ఒక్క పూటలో నిజం కాస్తా కోడలి చేత చెప్పించిన మాటైపోయింది.

"కాదు మేడమ్. ఆవిడకి ఏమీ తెలియదు. నిజంగానే..."

"ఇన్నేళ్ళుగా నీ పని చూస్తున్నాను. ఇంటిపోరు ఎలా ఉంటుందో నాకు తెలియదా? ఇంత ఒత్తిడిలో కూడా ఆడపడుచుని కాపాడుకోవాలని చూశావు. నీలాంటిదే చదువుకోవాలి." అని పిచ్చుకని అడిగింది: "నువ్వేమంటావమ్మా? ఇప్పటికైనా ఒప్పుకుంటావా?"

పిచ్చుక వదిన వైపు చూసింది. కాసేపు ఆగింది. ఆ కాసేపట్లో ఇంకెవరైనా మాట్లాడొచ్చు. ఎవరూ మాట్లాడలేదు.

"జరిగింది ఆ రోజే మీకు చెప్పలేదు మేడమ్. అది నా తప్పే. క్షమించండి."

"అలా దారికి రా. వార్డుకి వెళ్ళి పని చూసుకో. ఈసారి పర్మనెంట్ జాబితాలో మాత్రం నీ పేరుండదు. బుద్ధిగా ఉంటే పై ఏడు చూద్దాం. వెళ్ళండి."

ఉద్యోగం పూర్తిగా పోలేదు. సీటు ఉంది. చెప్పాల్సింది చెప్పేశాను, వాళ్ళు నమ్మకపోతే నేనేం చెయ్యను? పెద్ద సిస్టర్ లోపల ఎక్కడో "హమ్మయ్య" అనే మాట లేచింది. ఛీ, ఇదా నేను? అనుకుంది. అనుకుంటూనే తలుపు దాటి బయటికొచ్చేసింది.

వరండాలో పిచ్చుక ముందు నడుస్తోంది.

"ఆగవే. ఎందుకలా అన్నావు? అడిగింది కదా ఆవిడ. ఉన్నదే చెప్పొచ్చుగా!"

పిచ్చుక ఆగింది. "నువ్వు మళ్ళీ చెప్తావని ఆగాను. బల్ల గుద్ది చెప్తావనుకున్నాను. ఆవిడ నిన్ను మెచ్చుకోగానే నీ భుజాలు కిందికి దిగాయి వదినా. నేను చూశాను."

ఇంతకంటే వినాల్సిందేముంది? పెద్ద సిస్టర్ అక్కడే గోడకి ఆనుకుని సంచీలో చెయ్యి పెట్టింది. ఆలోచిస్తే మళ్ళీ ఆగిపోతానని తెలుసు. ఆలోచించకుండా కాలేజీ నంబరు నొక్కింది.

"ప్రిన్సిపాల్ మేడమ్, నేనండీ... అవునండీ, చూశాను. థాంక్స్ చెప్పడానికి కాదండీ. ఇంటర్వ్యూలో నేను చెప్పింది తిరగేసిన మాటండీ. ముసలాయనకి తప్పు మందు ఎక్కించబోయింది నేను. ఆపింది నా ఆడపడుచు. మీరడిగితే సిగ్గు లేకుండా తల ఊపాను."

"మీ సూపరింటెండెంట్ ఇప్పుడే ఫోన్ చేసి పెట్టేసింది," అంది ప్రిన్సిపాల్. "ఇంట్లోవాళ్ళ పోరు పడలేక మీరు తప్పు మీద వేసుకుంటున్నారని చెప్పింది. మీరేమో ఇలా అంటున్నారు. నేనెవరి మాట నమ్మాలి? మీరు చెప్పిందే నిజమైతే సీటు ఇవ్వలేను, మీ ఆసుపత్రికి కూడా తెలియజెయ్యాలి. ఆ అమ్మాయి దగ్గర్లో ఉందా?"

"ఉందండీ."

"ఫోను ఇవ్వండి. తనేం చెప్తే అదే ఖాయం చేస్తాను."

పెద్ద సిస్టర్ ఫోను చాపింది. పిచ్చుక అందుకుంది. చెవి దగ్గర పెట్టుకోలేదు. మాట అటు పోకుండా అరచేత్తో గట్టిగా మూసింది.

"ఏం చెప్పమంటావు వదినా?" అంది. గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. చిన్నప్పుడు లెక్క అర్థం కాక పుస్తకం పట్టుకొచ్చి అడిగినట్టే అడిగింది. "నువ్వేది చెప్పమంటే అది చెప్తాను. నీ సీటు నీకుండాలంటే ఉంటుంది. నేనేం అనుకోను. నీ నోటితో చెప్పు."

నిజమే చెప్పవే అనాలి. రెండే రెండు మాటలు. పెద్ద సిస్టర్ నోరు తెరిచింది.

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఇంత జరిగాక కూడా, ఇంత ఏడ్చాక కూడా, ఆ మాట అనడానికి తను ఆలోచిస్తోంది! ఆ సంగతి తెలిసి ఆమెకి తల కొట్టేసినట్టయింది.

పిచ్చుక అది కూడా చూసింది.

అరచెయ్యి తీసేసి, ఫోను చెవికి ఆనించుకుని, "హలో మేడమ్," అంది.